ఎడమ పక్క బంతి

ఆ క్లబ్బులో టెన్నిసు నిజంగా ఆడటం వచ్చినవాడు ఒక్కడే. గెలవకూడనివాడు కూడా ఆ ఒక్కడే. అతని పేరు సూరాడ గంగులు. ఉద్యోగం మార్కరు.

విజయనగరంలో ఆ క్లబ్బు ఏదో ఇక్కడ అనవసరం. పేరు చెబితే అప్పటి మెంబర్ల మనవలకి ఇప్పటికీ కోపం వస్తుంది. మార్కరంటే ఏమిటో మాత్రం ఈ కాలం వాళ్ళకి చెప్పక తప్పదు. తెల్లవారకముందే లేచి కోర్టంతా పేడనీళ్ళతో అలకాలి. అది మట్టి కోర్టు, పేడ పట్టకపోతే ఎండకి బీటలు తీస్తుంది. అలుకు ఆరుతుండగా ఇనప రోలరు లాగాలి. తాడు పట్టి సున్నంతో గీతలు గీయాలి. తెగిన రాకెట్లకి తీగ బిగించాలి. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి తెల్ల చొక్కా, తెల్ల నిక్కరు తొడుక్కుని వల పక్కన నిలబడాలి. జోడీ దొరకని మెంబరెవరైనా ఉంటే ఆయనతో ఆడాలి. ఆడాలి అంటే, ఆయన్ని ఆడించాలి.

ఆడించడానికొక పద్ధతుంది. బంతి మెంబరు కుడిచేతి పక్కకే పోవాలి. నడుం ఎత్తులో అందాలి. ఆయన ఒక్క అడుగు వేస్తే చాలు అన్నంత దూరంలో పడాలి. రెండడుగులు వేయిస్తే ఆయనకి ఆయాసం, ఎడమ పక్కకి వేస్తే ఆయనకి అవమానం. పంక్తిలో పెద్దలకి వడ్డించినట్టు ఒద్దికగా వడ్డించాలి. నాలుగు బంతులు కొట్టించాక అయిదోది మార్కరే వలకేసి కొట్టుకోవాలి. మెంబరు కొట్టిన బంతి గీతకి ఇవతల పడిందో అవతల పడిందో అనుమానం వస్తే, "గంగులూ, ఏమైంది?" అని అడుగుతారు. "లోపలే బాబూ" అనాలి. ఆట ముగిశాక మెంబరు చెమట తుడుచుకుంటూ, "ఇవాళ కూడా నిన్ను పట్టేశానురా" అంటే నవ్వాలి. గంగులు పదిహేనేళ్ళు ఆ నవ్వు నవ్వాడు.

నిజానికి గంగులు టెన్నిసు కోసం రాలేదు, వల కోసం వచ్చాడు. వాళ్ళది కోనాడ ఒడ్డున సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి కూర్మయ్య వల అల్లితే ముడి విప్పడానికి సముద్రానికే చేతకాదని ఊళ్ళో అనుకునేవారు. ఒక ఏడు గాలివానకి క్లబ్బులో టెన్నిసు వల చిరిగిపోయింది. మద్రాసు నుంచి కొత్తది తెప్పించడానికి నెల పడుతుంది. అన్నాళ్ళు పెద్దమనుషుల సాయంత్రాలు ఏమైపోవాలి? బజార్లో చేపలు కొనడానికి వెళ్ళిన వంటవాడెవరో కూర్మయ్యని పట్టుకొచ్చాడు. కూర్మయ్య వెంట పదిహేడేళ్ళ కొడుకు వచ్చాడు. తండ్రీకొడుకులు రెండు రోజులు కూర్చుని, చెక్క సూదితో చిరిగినంత మేరా కొత్త కన్నులు అల్లి కలిపేశారు. అతుకెక్కడో వెతికితే దొరకలేదు. కూర్మయ్య ఊరికి పోయాడు. గంగులు పోలేదు.

అప్పటి మార్కరు రాముడు ముసలివాడు. రోలరు లాగలేకపోతున్నాడు. ఈ కుర్రాడి రెక్కలు చూసి ఉంచేసుకున్నాడు. మధ్యాహ్నం మెంబర్లందరూ ఇళ్ళల్లో కునుకు తీసే వేళ రాముడు అతని చేతికి పాత రాకెట్టిచ్చి నేర్పాడు. గంగులికి బంతి వచ్చే దారి ముందే తెలిసిపోయేది. అల ఎక్కడ విరుగుతుందో పసితనం నుంచి చూసిన కళ్ళు కదా, బంతి ఎక్కడ లేస్తుందో కనిపెట్టడం ఎంతసేపు! రెండేళ్ళకి రాముడు రాకెట్టు కింద పెట్టేసి, "ఇంక నీకు నేర్పడానికి నా దగ్గరేటీ లేదురా" అన్నాడు. తర్వాత ఇంకో మాట చెప్పాడు. "ఇదంతా మనిద్దరి మద్దెనే ఉండాల. సాయంత్రం ఆ బాబులు ఓడిపోతే అది నీ తప్పురా గంగులూ. గెలిత్తే ఆళ్ళ గొప్ప." రాముడు పోయాక ఆ ఉద్యోగమూ, క్లబ్బు వెనక పెంకుటి గదీ, ఈ రెండో పాఠమూ గంగులికి మిగిలాయి.

ఒక్కసారి మాత్రం ఆ పాఠం తప్పింది. అరవై ఒకటిలో మద్రాసు నుంచి పేరున్న ఆటగాడొకాయన కలకత్తా వెళ్తూ ఒక రోజు క్లబ్బులో దిగాడు. మెంబర్లతో ఆడి ఆడి విసుగెత్తి, వల పక్కన నిలబడ్డ గంగులుని రమ్మన్నాడు. వడ్డింపు మొదలెట్టగానే ఆయన రాకెట్టు దించేసి, "ఈ నాటకాలు నా దగ్గర వద్దు. ఆడు" అన్నాడు. గంగులు ఆడాడు. గంటసేపు క్లబ్బులో ఎవరూ కాఫీ తాగలేదు. ఆఖర్న ఆయన సెక్రటరీ వైపు తిరిగి, "ఇతను ఇక్కడేం చేస్తున్నాడండీ? పోటీలకెందుకు పంపలేదు?" అని అడిగాడు. సెక్రటరీ నరసింగరావు గారు నవ్వి, "వాడు జీతగాడండీ. జీతం పుచ్చుకుని ఆడేవాడు పోటీల్లో దిగకూడదు కదా, రూలు" అన్నారు. ఆయన తలూపి రైలెక్కాడు. తనకి అన్నం పెడుతున్న ఆటే తను పోటీల్లో ఆడకూడదనడానికి కారణమని గంగులికి తెలిసింది ఆరోజే. మర్నాడు మామూలుగా పేడనీళ్ళు కలిపాడు గాని ఆ మాట గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

ఏడేళ్ళు ఉండిపోయింది. అరవై ఎనిమిది వేసవి దాటాక ఒక ఉదయం క్లబ్బు వరండాలో పేపర్లు సర్దుతుంటే లోపలి పేజీలో నాలుగంటే నాలుగు వరుసలు కనిపించాయి. అయిదో క్లాసు చదువు, కూడబలుక్కుని చదివాడు. ఇంగ్లీషు వాళ్ళ సీమలో వింబుల్డన్ అనే చోట ఈ ఏటి నుంచి డబ్బు పుచ్చుకుని ఆడేవాళ్ళనీ పోటీలోకి రానిచ్చారట. గంగులు మళ్ళీ చదివాడు. ఆ రోజు గీతలు గీస్తున్నప్పుడు ఒక గీత వంకరపోయింది. చెరిపి మళ్ళీ గీశాడు.

నవంబరులో క్లబ్బు పోటీల నోటీసు అచ్చయి వచ్చింది. అంతకుముందు ఆ పోటీలు మెంబర్ల మధ్యే జరిగేవి. ఆ ఏడు గరివిడి కార్ఖానా నుంచీ శ్రీకాకుళం నుంచీ ఆఫీసర్లు వస్తే క్లబ్బుకి కళ వస్తుందని సెక్రటరీ గారికి ఆశ పుట్టింది. అందుకని "ఈ చుట్టుపక్కల నివసించే ఆటగాళ్ళెవరైనా పేర్లు ఇవ్వవచ్చును" అని అచ్చేయించారు. ఆటగాళ్ళంటే ఆయన లెక్కలో ఆఫీసర్లే, తన క్లబ్బు వెనక గదిలో ఎవరు నివసిస్తున్నారో ఆయనకి తట్టలేదు. ఆ కాగితం గంగులు చేతికే ఇచ్చి వరండాలో అంటించమన్నారు. గంగులు అంటించాడు. కింద పేర్లు రాసే కాగితంలో పెన్సిలుతో, రాకెట్టుకి తీగ బిగించినంత శ్రద్ధగా, సూరాడ గంగులు అని రాశాడు.

ఆ సాయంత్రం క్లబ్బు ముక్కున వేలేసుకుంది.

"ఏమిట్రా ఇది?" అన్నారు నరసింగరావు గారు. ఆయన తాసీల్దారుగా చేసి రిటైరైనవాడు. కాగితమంటే భయభక్తులున్న మనిషి. పెన్సిలు గీతని వేలితో చెరపబోయి, అందరూ చూస్తున్నారని ఆగారు.

"నా పేరు బాబూ."

"నీ పేరని నాకూ తెలుసు. ఇక్కడెందుకుంది? జీతగాడివి. నీకు రూలు తెలీదూ?"

"ఆ రూలు ఈ ఏడు ఎత్తేసినారంట బాబూ. సీమలోనే ఎత్తేసినారు. మన పేపర్లోనే ఉన్నాది, దాసినాను. తెత్తునా?"

అప్పుడు కుర్చీలోంచి పెద్దగా నవ్వు వినిపించింది. నవ్విన ఆయన జగన్నాధం గారు, ప్లీడరు. ఆరేళ్ళుగా క్లబ్బు ఛాంపియను. హాల్లో గోడకి టేకుచెక్క బోర్డుంది, దాని మీద ఆరు సంవత్సరాల పక్కన బంగారు అక్షరాలతో ఆయన పేరే ఉంది. పదకొండేళ్ళుగా దాదాపు ప్రతి సాయంత్రం గంగులుతో ఆడినవాడు.

"ఆడనివ్వండి సార్, పోయేదేముంది? వాణ్ణి నేను రోజూ ఓడిస్తున్నదే కదా. ఆ ముచ్చటా నలుగురిలో తీరిపోతుంది."

ఆయన ఆ మాట వెటకారానికి అనలేదు. నిజమనుకునే అన్నారు. పదకొండేళ్ళు రోజూ గెలిచిన మనిషికి గెలుపు మీద అనుమానం ఎందుకొస్తుంది? ఊళ్ళో కోర్టులో ఎదుటివాడి సాక్షిని నిలువునా చీల్చే ప్లీడరు గారికి ఈ కోర్టులో తన ముందు నిలబడ్డవాడు రోజూ ఇస్తున్నది దొంగసాక్ష్యమని తెలియలేదు. క్లబ్బులో ఎవరికీ తెలియదు. ఏడేళ్ళ కిందటి మద్రాసు ఆటని కూడా, ఆయనేదో సరదాకి వీణ్ణి ఆడించాడని చెప్పుకుని మరిచిపోయారు. మార్కరు పనితనం అటువంటిది.

నరసింగరావు గారు ఆలోచించి మెలిక పెట్టారు. "సరే, ఆడు. కాని ఆటగాడూ మార్కరూ ఒకడే కావడం కుదరదు. ఆడదలిస్తే రాజీనామా కాగితం రాసి ఇచ్చి ఆడు. పోటీలు కాగానే గది ఖాళీ చెయ్యాలి. వద్దనుకుంటే రేపు సాయంత్రంలోగా ఆ పేరు నువ్వే చెరిపెయ్యి."

గంగులు పెళ్ళాం దానమ్మ బజార్లో చేపలమ్ముతుంది. మర్నాడు మధ్యాహ్నం ఆమె గది ముందు కూర్చుని అమ్ముడవగా మిగిలిన కవ్వళ్ళ చేపలు శుభ్రం చేస్తుంటే గంగులు సంగతంతా చెప్పాడు. ఆమె కత్తిపీట ఆపకుండా వింది.

"మరేటి సేత్తావు?"

"గది పోతాదే. పని పోతాది."

"అది నానడగనేదు. ఏటి సేత్తావని."

దానమ్మ చేతులు కడుక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇదిగో మావా, నాను రోజూ బజార్లో కూకుంటన్నాను. పాసిపోయిన సేపని తాజా అని అంటగడితే ఆ పూటకి బేరం అవతాది. మర్నాటికి నా నోరు నాకే కంపు కొడతాది. అందుకే అనను. నువ్వు పదిహేనేళ్ళ బట్టి బయట పడ్డ బంతిని లోపలంటన్నావు. నీకెలాగున్నాదో నాకు తెల్దు. నాకు మాత్రం కంపుగానే ఉన్నాది."

"ఓడిపోతే?"

"ఓడిపోతే ఓడిపోనానని ఇంటికొత్తావు. ఇన్నాళ్ళూ ఓడిపోయే వచ్చినావు గదా? కాపోతే ఈపాలి నిజంగా ఓడిపోతావు. అదైనా సూద్దువు గాని."

గంగులు ఆ సాయంత్రమే రాజీనామా రాశాడు. రాయించుకోలేదు, తనే రాశాడు. తప్పులున్నాయని నరసింగరావు గారు సన్నగా నవ్వుతూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పోటీలు డిసెంబరులో జరిగాయి. పని మానేసినా ఆ పది రోజులూ కోర్టు అలికింది గంగులే. ఇంకొకరు అలికితే గుంటలు పడతాయని అతని భయం. మొదటి ఆటలో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆఫీసరొకాయన గంగులు చేతిలో మూడు గేములు తెచ్చుకున్నాడు. తర్వాత గరివిడి కార్ఖానాలో పనిచేసే కుర్ర ఇంజనీరు ఒక్కటే తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు ఓడిపోయి కూడా గంగులు చెయ్యి వదలకుండా ఊపుతూ, "ఎక్కడ నేర్చుకున్నారు మీరు?" అని అడిగాడు. గంగులుని మీరు అన్న మొదటి మనిషి ఆ క్లబ్బులో అతనే. మెంబర్లు మాత్రం ఆ రెండాటలూ సరిగ్గా చూడలేదు. జగన్నాధం గారితో ఫైనలు చూడ్డానికి షామియానా వేయించి, ఆడవాళ్ళనీ తీసుకొచ్చారు. నరసింగరావు గారు ఎత్తుకుర్చీ ఎక్కి అంపైరుగా కూర్చున్నారు. దానమ్మని లోపలికి రానివ్వరు కనక ఆమె గోరింట కంచె బయట, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని నిలబడింది.

ఆట మొదలైంది. మొదటి గేము జగన్నాధం గారిది. రెండోదీ ఆయనదే.

గంగులికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. భయం లేదు. ఎడమ పక్కకి కొడదామనుకుంటాడు, బంతి వెళ్ళి ఆయన కుడిచేతి ముందు, నడుం ఎత్తులో, ఒక్క అడుగు దూరంలో పడుతుంది. ఆయన హాయిగా కొడతారు. నాలుగు కొట్టాక అయిదోది గంగులు రాకెట్టు నుంచి దానంతటదే వలలోకి పోతుంది. మనిషి రాజీనామా చేశాడు గాని చెయ్యి చెయ్యలేదు. కొత్తవాళ్ళ ముందు బాగానే ఆడిన చెయ్యి, పదకొండేళ్ళ అలవాటున్న ఆ మొహం ఎదురుగా కనిపించేసరికి పనిలోకి దిగిపోయింది. గంగులు పళ్ళు కొరుక్కున్నాడు. తన చెయ్యి మీద తనకే అంత కోపం ఎన్నడూ రాలేదు. మొదటి సెట్టు ఆరు రెండుతో పోయింది. షామియానా కింద చప్పట్లు. జగన్నాధం గారు అలవాటు కొద్దీ, "పట్టేశానురా" అన్నారు. గంగులు మొహం మీదికి ఆ పాత నవ్వు రాబోయింది.

అప్పుడు కంచె బయట నుంచి దానమ్మ గొంతు వినపడింది. బజారు గొంతు, దానికి షామియానాలూ ఆడవాళ్ళూ అడ్డం కాదు.

"ఓలమ్మో, ఇంకా ఆయనకి వడ్డిత్తానే ఉన్నావేటి? నువ్వు తినవేటి?"

ఎవరో ఆమెని గదిమారు. ఆమె గదిమినవాళ్ళని తిరిగి గదిమింది. గంగులు నీళ్ళు తాగడం ఆపి కోర్టు వైపు చూశాడు. తెల్లవారుజామున తను గీసిన గీతలు తళతళలాడుతున్నాయి. ఎడమ మూల గీత దగ్గర అలుకు పలచన. అక్కడ పడ్డ బంతి ఎత్తు లేవదు, జారిపోతుంది. ఆ సంగతి ఆ ఊళ్ళో తనొక్కడికే తెలుసు. ఎందుకంటే పదిహేనేళ్ళలో అక్కడ బంతి వేసినవాడు లేడు. మనిషిని చూస్తే చెయ్యి వడ్డిస్తుంది. అయితే మనిషిని చూడకూడదు.

రెండో సెట్టులో గంగులు జగన్నాధం గారి వైపు తలెత్తి చూడలేదు. గీతలే చూశాడు. మొదటి బంతి ఎడమ మూలకి పోయింది. ప్లీడరు గారు కదలలేదు. అటు ఎవరూ కొట్టరు కదా, పొరపాటున పోయిందనుకున్నారు. రెండోదీ అటే పోయింది. మూడోదానికి ఆయన పరుగెత్తి రాకెట్టు తిప్పారు గాని, ఆ పక్క ఎలా పట్టుకోవాలో చేతికి తెలియలేదు. నేర్పినవాడెవరు? పదకొండేళ్ళు ఆడిన ఛాంపియను గారికి ఎడమ పక్కే లేదు. క్లబ్బులో ఒక్క మెంబరుకీ లేదు. అందరి ఎడమ పక్కలూ మార్కరే ఊడబెరికేశాడు, వినయంగా, వాళ్ళడిగినట్టే.

ఆరు మూడుతో రెండో సెట్టు గంగులిది. షామియానా కింద గాజుల చప్పుడు కూడా లేదు.

జగన్నాధం గారు చేతకాని మనిషేం కాదు. మూడో సెట్టులో బంతులు ఎత్తుగా లేపి కొడుతూ, కుడి పక్కకి జరిగి నిలబడటం మాని ఎడమకి జరిగి నిలబడి, ప్రాణం పెట్టి ఆడారు. బహుశా జీవితంలో మొదటిసారి నిజంగా ఆడారు. ఇద్దరి చొక్కాలూ పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. నాలుగు నాలుగు, తర్వాత గంగులికి అయిదు, ఆయనకి నాలుగు. గంగులు సర్వీసు. ఫార్టీ థర్టీ. గంగులు గెలవడానికి ఇంకొక్క పాయింటు.

ఆ పాయింటు చాలాసేపు నడిచింది. ఆఖర్న జగన్నాధం గారు ఎడమ పక్క బంతిని రెండు చేతులతో ఎలాగో లాగి కొట్టారు. అది గంగులు తల మీదుగా వెళ్ళి వెనక గీత దగ్గర పడింది.

ఎత్తుకుర్చీ మీద నరసింగరావు గారు మెడ చాచి చూశారు. ఆయనకి కనపడలేదు. అప్పుడు పదిహేనేళ్ళ అలవాటు ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"గంగులూ, ఏమైంది?"

అడిగాక ఆయనకి తెలిసింది, ఎవరిని అడిగారో. తెలిసినా ఆయన కంగారు పడలేదు. గంగులు ఏమంటాడో ఆయనకి తెలుసు. షామియానా కింద అందరికీ తెలుసు. కొందరు జవాబు రాకముందే చప్పట్లకి చేతులెత్తారు.

గంగులు నాలిక చివరికి ఆ మాట వచ్చేసింది. లోపలే బాబూ. ఎంత తేలికైన మాట! అనేస్తే డ్యూస్ అవుతుంది, ఆట ఇంకా సాగుతుంది, గెలవచ్చు కూడా. ఎవరికీ కోపం రాదు. నోట్లో పాచి వాసన వేసినట్టయింది.

"బయట."

"ఏమిటీ?"

"బయటండి. ఏలెడు బయట. అలుకు మీద మచ్చున్నాది. నమ్మకపోతే దిగొచ్చి సూడండి. రేత్రి దాకా నానిక్కడే నిలబడతాను."

నరసింగరావు గారు దిగలేదు. "నీ బంతికి నువ్వే తీర్పు చెప్పుకుంటావా?" అన్నారు. "మరి పదిహేనేళ్ళు నన్నే గదా అడిగినారు" అన్నాడు గంగులు, గొంతు తగ్గించకుండానే. "అప్పుడు పనికొచ్చిన నోరు ఇప్పుడు పనికిరాదేటి?"

షామియానా కింద కలకలం లేచింది. ఈలోగా జగన్నాధం గారు వల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చారు. వెనక గీత దగ్గర మోకాళ్ళ మీద వంగి చూశారు. అలుకు మీద బంతి మచ్చ కోలగా, స్పష్టంగా ఉంది. మచ్చకీ సున్నానికీ మధ్య వేలు పెట్టి చూశారు. వేలు పట్టింది.

"బయటే" అన్నారాయన లేచి నిలబడుతూ. మోకాళ్ళకంటిన పేడ దులుపుకోలేదు. గంగులు మొహంలోకి చూసి మెల్లగా అడిగారు. "ఇన్నాళ్ళూ నేను కొట్టినవి ఎన్ని బయటరా?"

"నాను లెక్కెట్టనేదు బాబూ."

కప్పు ఆ సాయంత్రం ఎవరికీ ఇవ్వలేదు. కమిటీ ఆలోచించాలన్నారు. నాలుగు రోజులు ఆలోచించి గంగులుని పిలిచారు. నరసింగరావు గారు ఈసారి చాలా మర్యాదగా మాట్లాడారు. కోర్టు గుంటలు పడిపోయింది, కొత్తగా పెట్టినవాడికి అలకడం చేతకావడం లేదు. "పెద్ద మనసు చేసుకుని నిన్ను మళ్ళీ తీసుకుంటాం. గదీ నీదే. ఆ ఆట మాత్రం పోటీ కింద కాదు, సరదాగా ఆడినదని నువ్వో కాగితం రాసిచ్చెయ్యి. బోర్డు మీద ఈ ఏటికీ ప్లీడరు గారి పేరే రాయించేస్తాం. నీకూ నష్టం లేదు."

గంగులు రాజీనామా రాసిన చేతిని చూసుకున్నాడు. "ఆ ఆట సరదాకాడినది కాదు బాబూ. నాను సరదాకాడినది పదిహేనేళ్ళు. దానికి కావాలంటే ఎన్ని కాయితాలైనా రాసిత్తాను."

మెట్లు దిగి వచ్చేశాడు. దానమ్మ అప్పటికే చాప చుట్టేసి, తట్టలో గిన్నెలు సర్దేసి వీధిలో నిలబడి ఉంది. "ఏటన్నారు?" అని కూడా అడగలేదు. అతని నడక చూస్తే తెలిసింది.

జగన్నాధం గారు తన పేరు రాయడానికి ఒప్పుకోలేదు. గంగులు పేరు రాయడానికి కమిటీ ఒప్పుకోలేదు. బోర్డు మీద 1968 అన్న అంకె పక్కన ఏమీ లేకుండా ఉండిపోయింది. కొత్తగా చేరిన ప్రతి మెంబరూ బోర్డు చదివి, "ఆ ఏడు ఎవరు గెలిచారండీ?" అని అడిగేవాడు. చెప్పక తప్పేది కాదు. బోర్డు మీదున్న పేర్లు ఎవరూ అడగలేదు గాని, లేని ఆ పేరు మాత్రం ఏటా క్లబ్బంతా పలికింది.

సంక్రాంతి దాటాక గరివిడి నుంచి ఆ కుర్ర ఇంజనీరు వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడ ఇళ్ళ మధ్య ఖాళీ జాగా ఉందనీ, కోర్టు వేసి తమకి ఆట నేర్పాలనీ అడిగాడు. "అలుకుతాను, వల అల్లుతాను, నేర్పుతాను. జీతం పుచ్చుకుంటాను. కానీ ఆడినప్పుడు ఆడతాను. బయట పడితే బయటంటాను. ఇట్టమైతే సెప్పండి" అన్నాడు గంగులు. ఇంజనీరు నవ్వి, అందుకే వచ్చానన్నాడు. వల మాత్రం గంగులు బజారులో కొనలేదు. కోనాడ నుంచి నూలు తెచ్చి, కూర్మయ్య అల్లినట్టే అల్లాడు.

ఆ ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం పాసింజరు దిగి, రాకెట్టు చంకన పెట్టుకుని ఒక పెద్దమనిషి కోర్టు వెతుక్కుంటూ వచ్చారు. జగన్నాధం గారు. గంగులు రోలరు ఆపి నమస్కారం పెట్టాడు. ఆయన రాకెట్టు మీద గుడ్డ విప్పుతూ, తలెత్తకుండా అడిగారు.

"గంగులూ, ఆ ఫైనలుకి ముందు పదకొండేళ్ళలో ఒక్కసారి... ఒక్కసారైనా నేను నిన్ను నిజంగా గెలిచానా?"

ఎండ అప్పుడే కోర్టు మీదికి వస్తోంది. ఆయన అంత దూరం రైల్లో వచ్చినది అవునన్న ఒక్క మాట కోసమని గంగులికి తెలిసింది. ఆ మాట ఇవ్వడం తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"నేదు బాబూ. ఒక్కపాలి కూడా నేదు."

"పోనీ, ఆ రోజు మొదటి సెట్టు?"

"అది నా సెయ్యి ఇచ్చేసినాది బాబూ. మీరు గెలిసినది కాదు."

జగన్నాధం గారు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు. కాసేపు ఆ కొత్త వల కన్నులు చూస్తూ నిలబడ్డారు. తర్వాత అవతలి పక్కకి నడిచి, గీత మీద నిలబడి, రాకెట్టు పట్టుకున్నారు.

గంగులు ఈసారి ఆయన మొహంలోకి సూటిగా చూశాడు. బంతి నేలకేసి ఒకసారి తాటించి, ఆయన ఎడమ పక్కకి కొట్టాడు. ఆయన పరుగెత్తారు. అందలేదు.

"ఇంకోటి వెయ్యి" అన్నారు.

గంగులు ఇంకోటి కూడా ఎడమ పక్కకే కొట్టాడు.